మడమలు కోసే జూలియస్

మాన్‌హట్టన్ తూర్పు ఆరో వీధిలో, ఫస్ట్ ఎవెన్యూకీ సెకండ్ ఎవెన్యూకీ మధ్య ఒకప్పుడు ఇండియన్ హోటళ్లు గోడకి గోడ ఆనుకుని ఉండేవి. పేరుకి ఇండియన్ గానీ, నడిపేవాళ్లలో ఎక్కువమంది బంగ్లాదేశ్‌లో సిల్హెట్ వైపు వాళ్లు. చదువుకోడానికి వచ్చి, జేబు తడుముకుని గానీ తినలేని మన పిల్లలకి ఆ వీధి పూటకూళ్లమ్మ ఇల్లులా ఉండేది. గుమ్మాల్లో నిలబడ్డవాళ్లు చెయ్యి పట్టుకుని లోపలికి లాగినంత పని చేసేవాళ్లు. ఈమధ్య అటు వెళితే ఆ వరసంతా చెదిరిపోయి ఉంది. ఒకటీ అరా మిగిలాయంతే.

ఆ హోటళ్ల వరసలోనే ఒక పాత కట్టడం ఉంది. అన్నాళ్లూ అన్నం ధ్యాసలో దాని ముందు నుంచే నడిచి వెళ్లాం గానీ తలెత్తి చూసింది లేదు. ఇప్పుడది యూదుల ప్రార్థనాలయం. అంతకుముందు సెయింట్ మార్క్స్ అనే చర్చి; వచ్చేవాళ్లంతా జర్మన్ లూథరన్లు. లూథరన్ మాట వినపడితే మా గుంటూరు వైపు వాళ్లు ఒక క్షణం ఆగుతారు. 1842లో గుంటూరు వచ్చి బడులు పెట్టిన ఫాదర్ హేయర్ జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టినవాడే. పద్నాలుగేళ్ల వయసులో ఫిలడెల్ఫియాలో బొచ్చుతోళ్ల పని, టోపీల పని చేసే మామ దగ్గరికి వచ్చి చేరాడు. అంటే మన మిషన్ కాంపౌండ్ల చరిత్ర కూడా వెతుక్కుంటూ పోతే ఒక జర్మన్ పనివాడి కొట్టు దాకా వెళ్తుందన్నమాట.

ఆ చర్చి చుట్టూ ఉన్న పేటని క్లైన్‌డాయిచ్‌లాండ్ అనేవాళ్లు, చిన్న జర్మనీ. 1855 నాటికే లోకంలో జర్మన్ మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఉన్న నగరాల్లో బెర్లిన్, వియన్నాల తర్వాత న్యూయార్క్‌ది మూడో స్థానం. ఎవెన్యూ బి మీద అంగళ్లు, ఎవెన్యూ ఎ మీద బీరు హాళ్లు. టాంప్కిన్స్ స్క్వేర్ వాళ్ల పార్కు. రొట్టెలు కాల్చేవాళ్లు, వడ్రంగులు, దర్జీలు, చుట్టలు చుట్టేవాళ్లు, పియానోలు చేసేవాళ్లు, అందరికంటే నాకు ఆసక్తి పుట్టించిన చెప్పులు కుట్టేవాళ్లు. అంత పెద్ద ఊరు ఇవాళ కొన్ని రాతి అక్షరాల్లో మిగిలింది. సెకండ్ ఎవెన్యూలో 1884లో కట్టిన ఒట్టెండార్ఫర్ లైబ్రరీ గుమ్మం పైన 'ఉచిత గ్రంథాలయం, పఠన మందిరం' అని జర్మన్‌లో చెక్కి ఉంటుంది. కింద నుంచి జనం లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉంటారు, పైకి చూసేవాళ్లు లేరు.

*

పాత జర్మనీలో చెప్పుల పని నేర్చుకోడమంటే పెద్ద తతంగం. కుర్రవాణ్ణి మేస్త్రీ ఇంట్లో పెట్టేవాళ్లు. మొదటి ఏడాది పని నేర్పేది తక్కువ, చాకిరీ ఎక్కువ. నీళ్లు మొయ్యాలి, పొయ్యి రాజెయ్యాలి, మేస్త్రీ భార్య చంటిపిల్లని ఎత్తుకోవాలి, మధ్యమధ్యలో చెంపదెబ్బలు తినాలి. మూడు నాలుగేళ్లు అలా గడిస్తే పనివాడయ్యేవాడు. అప్పుడు మూట భుజాన వేసుకుని ఊళ్లు పట్టుకు తిరగాలి. ప్రతి ఊళ్లోనూ ఒక మేస్త్రీ దగ్గర కొన్నాళ్లు పని చెయ్యడం, చేతిలో ఉన్న పుస్తకంలో పోలీసుల ముద్ర వేయించుకోడం, మళ్లీ నడక. ఆ ఏళ్లు తిరిగొచ్చాక ఒక జత బూట్లు సొంతంగా కుట్టి సంఘం పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు బాగుందంటేనే మేస్త్రీ.

చదువుతుంటే నాకు గుచ్చుకున్నదొకటుంది. మన ఊళ్లలో తోలు ముట్టుకున్నవాణ్ణి ఊరి చివరికి నెట్టారు. వాడు కుట్టిన చెప్పు వేసుకుని వాడి గూడెం వైపు కన్నెత్తి చూడలేదు. అక్కడ చెప్పుల పనివాళ్ల సంఘానికి జెండా ఉండేది, పెట్టె ఉండేది, ఊరేగింపులో చోటుండేది. నూరెంబర్గ్ కవి హాన్స్ సాక్స్ చెప్పులు కుట్టేవాడే. యాకోబ్ బోమే అనే వేదాంతి కూడా ఆ పనివాడే. అయితే అక్కడేదో న్యాయం నాలుగు పాదాల మీద నడిచిందని అనుకోనక్కర్లేదు. చచ్చిన పశువుల తోలు ఒలిచేవాళ్లని వాళ్లూ అంటరాని వాళ్లలాగే చూశారు. యూదుల్ని సంఘాల గడప తొక్కనివ్వలేదు.

ఈ కథ ఎవరిదో ఆ జూలియస్ గుంపెర్జ్, చిన్న జర్మనీకి చేరిన చెప్పుల పనివాళ్లలో ఒకడు, యూదుడు, ప్రష్యా వాడు. ప్రష్యా 1810లోనే సంఘాల పట్టు సడలించి, ఎవరు ఏ పనైనా చేసుకోవచ్చని తేల్చింది. తలుపు తెరిచారు, అందరూ తోసుకొచ్చారు. చిన్న పెట్టుబడితో మొదలయ్యే పని కాబట్టి చెప్పులు, దర్జీ పని కిక్కిరిసిపోయాయి. ప్రతి సందులో ఇద్దరు మేస్త్రీలు, కుట్టించుకునేవాళ్లు కరువు. దాని మీద 1840ల్లో బంగాళదుంపకి తెగులు, కరువు, 1848 విప్లవం, అది అణిగిపోయాక వచ్చిన పోలీసు రాజ్యం. జనం హాంబర్గ్, బ్రెమెన్ రేవుల దారి పట్టారు. తెరచాప ఓడలో ఆరు నుంచి ఎనిమిది వారాలు, అడుగు అంతస్తులో, తమ పరుపులు తామే తెచ్చుకుని.

*

ఆ చెప్పుల మేస్త్రీల కొట్టు ఎలా ఉండేదో చెప్పాలి.

అసలు అది కొట్టు కాదు, ఇంట్లో కిటికీ పక్క మూల. నేలకి జానెడు ఎత్తులో గుండ్రటి పీట, మధ్యలో పల్లం పడి తోలుతో కప్పి ఉంటుంది. దాని మీద కూచుంటే మోకాళ్లు గుండెల దగ్గరికి వస్తాయి. ఆ మోకాళ్ల మీద నున్నటి రాయొకటి. నీళ్లలో నానబెట్టిన అట్టతోలుని ఆ రాతి మీద పెట్టి, వెడల్పు మొహం ఉన్న సుత్తితో కొడతారు. కొట్టేకొద్దీ తోలు బిగుసుకుంటుంది, చప్పుడు మారుతుంది. మొదట మెత్తగా, చివరికి చెక్క మీద కొట్టినట్టు. పొద్దున ఆ సుత్తి మోతతోనే ఇంట్లో పిల్లలు లేచేవాళ్లు.

దారం బజారులో కొనేది కాదు. జనపనార పోగులు ఐదారు కలిపి, మోకాలి మీద పెట్టి పేని, కీలూ మైనం కలిపిన ముద్దతో రుద్దేవాళ్లు. సూది ఉండదు. బిరుసైన పంది వెంట్రుక ఒకటి చీల్చి దారం కొసకి పేనేవాళ్లు, రెండో కొసకీ ఇంకొకటి. ఆరెతో తోలుకి బెజ్జం పొడిచి, ఆ ఒక్క బెజ్జంలోంచే రెండు వెంట్రుకలూ ఎదురెదురుగా దూర్చి, రెండు చేతులూ బార్లా చాచి లాగుతారు. దారం బెజ్జంలోంచి పోతున్నప్పుడు బుస్సుమనే శబ్దం, చివర ఒక చిన్న టక్కు. ఆ చాచడం వల్లే పక్కన ఎవరూ కూచోలేరు. చెప్పుల కుట్టువాడి ఇంట్లో పసిపిల్లలకి మొట్టమొదట నేర్పే జాగ్రత్త నాన్న మోచేతికి దూరంగా ఉండడం.

చీకటి పడ్డాక ఒకే దీపం. దాని ముందు నీళ్లు నింపిన గాజు బుడ్డి వేలాడేది, కొబ్బరికాయంత. దీపం వెలుగు ఆ నీళ్లలోంచి వచ్చి ఒక్క చోట, సరిగ్గా ఆరె మొన మీద గుండ్రంగా పడేది. మిగతా గదంతా మసక. నలుగురు పనివాళ్లుంటే దీపం చుట్టూ నాలుగు బుడ్లు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కొక్క వెలుగు చుక్క. ఆ బుడ్లు ఇప్పుడు జర్మనీ మ్యూజియంలలో కనపడతాయి. చూస్తే అందంగానే ఉంటాయి. వాటి కింద పదేళ్లు పని చేసిన కళ్లు ఎలా ఉండేవో మ్యూజియంలో పెట్టలేరు.

ఆదివారం తాగినవాళ్లు సోమవారం పనికి ఎగనామం పెట్టడం చెప్పుల మేస్త్రీల జన్మహక్కు. మంగళవారం నుంచి శనివారం రాత్రి దాకా ఒళ్లు వంచి ఆ లోటు పూడ్చేవాళ్లు. పని గడియారం వాళ్లది. దీన్ని సోమరితనమని రాసిన దొరలు చాలామంది. నాకు మాత్రం ఆ సోమవారంలోనే మేస్త్రీకీ కూలీకీ ఉన్న తేడా కనపడుతుంది.

*

న్యూయార్క్‌లో జూలియస్ చేసిన పని మడమలు కొయ్యడం.

బూటు కాదు, బూటులో మడమ. తోలు పొరలు కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, అరంగుళమో అంగుళమో ఎత్తు తెచ్చే ముక్క. మిగతా బూటు ఇంకెవరిదో. 1858లో లైమన్ బ్లేక్ అనే ఆయన అట్టని పైతోలుకి కలిపి కుట్టే మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. మెకే అనే వ్యాపారి దాన్ని కొని, మెరుగుపరిచి, ఫ్యాక్టరీలకి అమ్మకుండా అద్దెకిచ్చి, కుట్టిన జతకింతని వసూలు చేశాడు. అదే సమయంలో అంతర్యుద్ధం వచ్చింది, సైన్యానికి లక్షల జతలు కావలసొచ్చాయి. మేస్త్రీ రోజంతా కూచుని కుట్టే అట్ట పని మిషను నిమిషాల్లో తేల్చేసింది. బూటు పది పదిహేను చేతుల పని అయిపోయింది. ఒకడు కోస్తాడు, ఒకడు అతికిస్తాడు, ఒకడు గీకుతాడు, ఒకడు మెరుగు పెడతాడు. చంటిపిల్లని ఎత్తుకుని, ఊళ్లు తిరిగి, ముద్రలు వేయించుకుని నేర్చుకునే పని ఇక్కడ ఒక వారంలో ఎవరికైనా వచ్చేస్తుంది.

ఇందులో లాభం లేదనను. ఏడాది పొడుగునా వట్టికాళ్లతో తిరిగిన పేదవాడికి బూట్లు అందుబాటులోకి వచ్చింది ఆ మిషను వల్లే. మేస్త్రీ కుట్టిన బూటు తరతరాలు మన్నేదని పాతకాలం వాళ్లు చెప్పుకుంటారు. నిజమే, కొనగలిగినవాడికి. కుట్టిన మేస్త్రీ పిల్లలు చాలామంది చెక్క చెప్పులతోనే తిరిగారు. కాకపోతే పోయిందేమిటో కూడా చెప్పుకోవాలి. చేతిలో పూర్తి బూటు పట్టుకుని, తిప్పి చూసి, బల్ల మీద పెట్టి 'ఇది నాది' అనుకునే అవకాశం పోయింది. మడమని పట్టుకుని ఎవడూ అలా అనుకోడు.

*

గుంపెర్జ్ కుటుంబం ఉన్నది ఆర్చర్డ్ స్ట్రీట్‌లో 97వ నంబరు ఇంట్లో. దాన్ని 1863లో కట్టించినవాడు లూకాస్ గ్లోక్నర్, ఆయనా జర్మనే, దర్జీ. గుడ్డ కోసి కూడబెట్టిన డబ్బుతో ఐదంతస్తుల ఇల్లు లేపి అద్దెకిచ్చాడు. తనూ అందులోనే ఉన్నాడు. అది నాకు నచ్చింది. కట్టినవాడు కూడా అదే మెట్లెక్కాడు, అదే వాసన పీల్చాడు.

వాసన గురించి రాయకుండా ఆ ఇంటి గురించి రాయలేం. ఒక్కో వాటా సుమారు 325 చదరపు అడుగులు. ముందుగది, మధ్యలో వంటగది, వెనక పడకగది. కిటికీ ముందుగదికే. వంటగదిలో పట్టపగలు కూడా చీకటే. నీళ్లు కింద పెరట్లో, మరుగుదొడ్లు కూడా కింద పెరట్లో, పక్కపక్కనే. అన్ని వాటాల ఆడవాళ్లూ బకెట్లతో నీళ్లు పైకి మొయ్యడం, మళ్లీ మురికినీళ్లు కిందికి మొయ్యడం. బొగ్గు పైకి, బూడిద కిందికి. ఉతికిన రోజున మెట్లు తడిసి జారేవి. చంటిపిల్లలు ఎడాపెడా పోయేవాళ్లు. పాత రోజులు బంగారం అనేవాళ్లని ఒక వేసవి రాత్రి ఆ వంటగదిలో పడుకోబెట్టాలి.

నేలమాళిగలో జాన్ ష్నైడర్ బీరు సెలూన్ ఉండేది, దాదాపు ఇరవయ్యేళ్లపాటు. సెలూన్ అంటే మనకి తోచే తాగుబోతుల అడ్డా కాదది. సాయంత్రం పిల్లలు రేకు బకెట్లు పట్టుకుని బీరు కోసం మెట్లు దిగేవాళ్లు, నురగ తక్కువ పోయించుకు రమ్మని పెద్దవాళ్లు పైనుంచి అరిచేవాళ్లు. గ్లాసు బీరు కొంటే బల్ల మీద ఉన్నది ఊరికే తినొచ్చు: ఊరబెట్టిన చేప, సాసేజి, నల్లరొట్టె, దోసకాయ. అన్నీ ఉప్పగానే ఉంటాయి, దాహం పెరగాలి కదా. వెనకగదిలో పాటల సంఘం సాధన, చావుల నిధి సభ్యుల సమావేశం, స్కాట్ పేకాట. ఉద్యోగం ఎక్కడుందో, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడో, పెళ్లికి ఎవరి పిల్ల ఉందో అక్కడే తెలిసేది. ఆదివారం భార్యాపిల్లలతో సహా బ్యాండు వింటూ బీరు తాగడం వీళ్లకి మర్యాద. ఆదివారం కొట్లు మూసి బైబిలు చదువుకోవాలనే పాత అమెరికన్లకి అది పాపం. ఆ గొడవ తరాలు నడిచింది. వలస వచ్చినవాళ్ల ఆదివారం ఎవరికి నచ్చింది గనక.

ఈ చిన్న జర్మనీ ఎలా పోయిందంటే, ఒక్కసారిగా కాదు. కాస్త నిలదొక్కుకున్నవాళ్లు ఉత్తరాన యార్క్‌విల్ వైపు జరిగారు. 1904 జూన్ 15న సెయింట్ మార్క్స్ చర్చి వాళ్లు ఆదివారపు బడి పిల్లల్నీ తల్లుల్నీ జనరల్ స్లోకమ్ అనే ఆవిరి ఓడలో విహారానికి తీసుకెళ్లారు. ఈస్ట్ రివర్‌లో ఓడ అంటుకుంది. మంటలార్పే గొట్టాలు పుచ్చిపోయాయి, ఒంటికి కట్టుకునే బెండు జాకెట్లు చేతిలో పొడి అయ్యాయి. వెయ్యి మందికి పైగా పోయారు. పనిలో ఉండిపోయిన మగవాళ్లు సాయంత్రం ఇంటికొస్తే ఇంట్లో ఎవరూ లేరు. ఆ వీధుల్లో మళ్లీ కాపరం చెయ్యడానికి చాలామందికి మనసొప్పలేదు. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చి, జర్మన్ అన్న బోర్డే ప్రమాదమైపోయింది. జర్మేనియా లైఫ్ అనే బీమా కంపెనీ గార్డియన్ లైఫ్ అయింది. యుద్ధం మొదలైన రోజుల్లో ఎన్ని కుటుంబాలు ఒక్క రాత్రిలో భాష మార్చుకున్నాయో.

*

మళ్లీ జూలియస్ రోజులకి వస్తే, 1873 సెప్టెంబరులో జే కుక్ బ్యాంకు కూలి, దేశమంతా పనులు ఆగిపోయాయి. 1874 జనవరి 13న టాంప్కిన్స్ స్క్వేర్‌లో పని ఇప్పించమని గుమిగూడిన జనాన్ని పోలీసులు గుర్రాలతో తొక్కించి, లాఠీలతో కొట్టారు. ఆ గుంపులో జర్మన్ పనివాళ్లు చాలామంది. జూలియస్ ఆ రోజు అక్కడున్నాడో లేదో గానీ, మడమలు కోసేవాడికి పని ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బూట్లు కొనేవాడు లేకపోతే మొదట ఆగేది ముక్కపనే. పూర్తి బూటు కుట్టే మేస్త్రీ కనీసం పాతవి బాగుచేసుకు బతుకుతాడు.

ఆ అక్టోబరులో ఒక పొద్దున జూలియస్ పనికి వెళ్లాడు. మళ్లీ రాలేదు. చచ్చాడో, పారిపోయాడో, పని వెతుక్కుంటూ పోయి ఎక్కడో చిక్కుకున్నాడో ఎవరికీ అంతు చిక్కలేదు. పారిపోయాడనే నా అనుమానం. ఆ రోజుల్లో అలా వెళ్లిపోయిన మగవాళ్లు తక్కువేం కాదు. వెనక ఉన్నది భార్య నటాలీ, ముగ్గురు ఆడపిల్లలు రోసా, నానీ, ఓల్గా, పసివాడు ఐజక్. ఆ పసివాడు కూడా దక్కలేదు.

నటాలీ ముందుగదిలో కుట్టుమిషను పెట్టింది. సింగర్ కంపెనీ అప్పటికే వాయిదాల మీద మిషన్లు ఇస్తోంది. కొలతల ప్రకారం కాగితం కోసి అమ్మే బటరిక్ ప్యాటర్నులు బజార్లో ఉన్నాయి. పేటలో ఆడవాళ్లు గౌన్లు కుట్టించుకోడానికి వచ్చేవాళ్లు. వెనక ఎత్తుగా లేచే ఆ కాలపు గౌను కుట్టడం చిన్న విషయం కాదు. కోత, కుచ్చు, నడుము దగ్గర బిగింపు, లోపల అస్తరు, అన్నీ ఒక్క మనిషి చేతి మీదే. అందుకే నాకు ఈ కథలో నటాలీయే మేస్త్రీగా కనపడుతుంది. ఏ సంఘం దగ్గరా ముద్ర వేయించుకోలేదు, ఎవరి ముందూ జత పెట్టి చూపించలేదు. గౌను మాత్రం పూర్తిగా తనది. భర్త పనిని మిషను ముక్కలు చేస్తే, ఆమె అదే జాతి మిషనుని ఇంట్లో పెట్టుకుని పనిని ఒక్కచోట చేర్చుకుంది. ఆడపిల్లలు ఆ పక్కనే గుండీలు కుడుతూ, బాస్టింగు విప్పుతూ పెరిగి ఉంటారు.

1883లో ప్రష్యా నుంచి కబురొచ్చింది. జూలియస్ తండ్రి పోయాడు, కొడుకు వాటా 600 డాలర్లు. కొడుకు ఎక్కడున్నాడో తెలియదు కాబట్టి ఆ డబ్బు నటాలీకి రావాలంటే అతను చనిపోయినట్టు కోర్టు తేల్చాలి. ఆమె అర్జీ పెట్టుకుంది, కోర్టు తేల్చింది. అమెరికా వెళ్లినవాళ్లు ఇంటికి డబ్బు పంపుతారని లోకం అనుకుంటుంది, మనవాళ్లూ అనుకుంటారు. ఈ ఇంట్లో జరిగింది తిరగేసి: ఏ ఊరు తిండి పెట్టలేదని వదిలొచ్చారో ఆ ఊరి నుంచే వీళ్లకి డబ్బు చేరింది. పిల్లల్ని తీసుకుని ఆమె యార్క్‌విల్‌కి మారింది. తర్వాత అదే 97వ నంబరులో పోలండ్ నుంచి వచ్చిన లెవీన్ అనే కుటుంబం ముందుగదిలో మిషన్లు వేసి బజారు బట్టలు కుట్టే పని పెట్టింది. వాళ్లు కుట్టినవి ఎవరి కొలతలకీ కాదు. నటాలీ లాంటివాళ్లకి గిరాకీ తగ్గించిందీ అలాంటి బట్టలే.